నేల కింది నీరు: హద్దు ఎవరిది, పంపకం ఎవరిది?

ప్రకృతి నియమాలు మనిషి సమాజాన్ని ఎంతవరకు నడిపిస్తాయన్న ప్రశ్న పాతదే. వాన ఎలా ఉంటే, నేల ఎలా ఉంటే బతుకు అలా ఉంటుందనేది ఒక పక్షం. వాన ఎంత కురిసినా దాన్ని ఎవరికి ఎంత దక్కనివ్వాలో తేల్చేది మనుషులే అనేది రెండో పక్షం. ఉదాహరణ లేకుండా వాదించుకుంటే ఈ తగవు ఎన్నటికీ తెగదు. అందుకే దీన్ని అనంతపురం జిల్లా బోరుబావి దగ్గరికి తీసుకొస్తున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, కింద గ్రానైటు, పైన అప్పు చేసి బోరు వేసిన రైతు. ప్రకృతి నియమమూ మనిషి నిర్ణయమూ ఇక్కడ ఒకే గట్టు మీద కనిపిస్తాయి.

మాట్లాడేది ఇద్దరు. పెదనాన్న కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన తమ్ముడి కూతురు న్యాయవాది, రైతుల భూమి కేసులు చూస్తుంది.

పెదనాన్న: నువ్వు కోర్టులో స్టే తెస్తావు, ఓడితే అప్పీలుకు పోతావు. నేల కింద ఆ వెసులుబాటు లేదమ్మా. కాగితం తీసుకో, లెక్క చెబుతా. ఎకరం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 22 లక్షల లీటర్లు. అందులో ఎక్కువ భాగం ఎండకు ఆవిరవుతుంది, చెట్టూ చేమా పీల్చి గాలిలోకి వదులుతాయి, కొంత వంకల్లో పారిపోతుంది. మన గ్రానైటు నేలల్లో కిందికి ఇంకేది ఇంచుమించు పదో వంతు. అంటే 2 లక్షల 20 వేల లీటర్లు. రబీలో బోరు కింద ఎకరం వరి పెడితే 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలనుకో, అది 48 లక్షల లీటర్లు దాటుతుంది. ఇరవై రెండు ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీటిని ఒక్క ఎకరం మడి తాగేస్తోంది. మడిలోంచి సగం మళ్ళీ కిందికే దిగిందనుకున్నా పదకొండు ఎకరాలు. ఇందులో ఎవరి రాజకీయమూ లేదు. ఇంకినదాని కంటే ఎక్కువ తోడితే మట్టం దిగుతుంది. అంతే.

అమ్మాయి: లెక్క కాదనను పెదనాన్నా. కానీ ఒక ఎకరానికి ఇరవై రెండు ఎకరాల వాన అన్నారు కదా, మిగతా ఇరవై ఒక్క ఎకరాలు ఎవరివి? మన వీధిలో రెండేసి ఎకరాల మెట్ట ఉన్నవాళ్ళు చాలామంది ఒక్క బోరూ వేయలేదు. వేసే స్తోమత లేదు. వాళ్ళ చేలో ఇంకిన వాన కూడా పక్కవాళ్ళ మడికే పోయింది. మట్టం ఎందుకు దిగిందో మీ లెక్క చెబుతుంది. ఎవరి వాటా ఎవరికి పోయిందో చెప్పదు.

పెదనాన్న: ఎందుకు చెప్పదు? నీళ్ళు పక్కకు పోవడం కూడా నియమమే. ఫ్రాన్సులో దిజోఁ పట్టణానికి మంచినీళ్ళు తెచ్చిన హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీళ్ళు పంపించి కొలిచాడు. 1856లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. మట్టం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి నీరు కదులుతుంది. తేడా ఎంత పెరిగితే అంత వేగంగా కదులుతుంది. మోటారు స్టార్టరు నొక్కగానే జరిగేది అదే. ముందు బోరులో నీరు దిగుతుంది, దాని చుట్టూ రాతిలో ఉన్న నీటి మట్టం గరాటులా లోపలికి వంగుతుంది, నాలుగు వైపుల నుంచీ నీరు ఆ గుంటకు వస్తుంది. పక్క రైతు బోరు తక్కువ లోతుదైతే ఆ గరాటు అంచు దాని కిందికి దిగుతుంది. అతని మోటారు గాలి పీలుస్తుంది. అతను ఇంకో వంద అడుగులు దింపుతాడు. అప్పుడు గరాటు ఇటు తిరుగుతుంది. ఇద్దరూ లోతుకు పోతూనే ఉంటారు. ఒకరి మీద ఒకరికి పగ లేకపోయినా ఇదే జరుగుతుంది.

అమ్మాయి: సరిగ్గా అక్కడికే వద్దామనుకున్నాను. ఆ గరాటుకు సర్వే నంబర్లు తెలియవు. మరి మన చట్టానికి? మన దేశంలో భూగర్భజలం భూమి హక్కుతోనే పోతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఆ లెక్కనే రాసింది. దాని వెనక ఇంగ్లండులో 1843లో వచ్చిన ఆక్టన్ వర్సెస్ బ్లండెల్ తీర్పు ఉంది. ఒకాయన తన నేలలో బొగ్గు గని తవ్వుకుంటే, పక్కాయన నూలు మిల్లుకు నీళ్ళిచ్చే బావి ఎండిపోయింది. నేల కింద నీరు ఎలా పోతుందో ఎవరికీ కనపడదు, ఏటి నీటికి పెట్టిన నియమాలు దానికి వర్తించవు, తన నేల కిందిది తాను తోడుకోవచ్చు అన్నారు న్యాయమూర్తులు. పదమూడేళ్ళకు డార్సీ వచ్చి ఎలా పోతుందో కొలిచి చూపించాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత మనకు చట్టం రాసినవాళ్ళు ఆ కొలతను పట్టించుకోలేదు. రాతిలో నీరు అందరిదీ కలిసి ఉంది, కాగితం మీద మాత్రం ఎవరి పొలం కిందిది వాళ్ళది. ఊళ్ళో బోర్ల పందెం పెట్టింది డార్సీ సూత్రం అంటారా, ఈ చట్టం అంటారా?

పెదనాన్న: చట్టం తప్పే. ఒప్పుకుంటాను. కానీ 1882 నుంచి దాదాపు వందేళ్ళు అదే చట్టం కింద మన ఊళ్ళు బతికాయి, బావులు ఇలా ఎండలేదు. ఎందుకు? తోడే సత్తువ లేదు గనక. కపిల బావి గుర్తుందా నీకు? చూసి ఉండవులే. జత ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచి తోలు బొక్కెనతో నీళ్ళు పోసేవి. జత ఎద్దుల సత్తువ ఇంచుమించు ఒక హార్స్‌పవర్. అవి అలిసిపోతాయి, మేత అడుగుతాయి, పొద్దుగూకితే ఆగిపోతాయి. ఇప్పుడు లోతు బోర్లలో పది, పదిహేను హార్స్‌పవర్ మోటార్లు దింపుతున్నారు. అవి అలిసిపోవు. మన పెద్దవాళ్ళు మనకంటే ధర్మాత్ములని అనను. వాళ్ళ చేతిలో ఉన్న శక్తి తక్కువ. ఒక సమాజం ప్రకృతిని ఎంత తినగలదో దాని చేతిలో ఉన్న శక్తి నిర్ణయిస్తుంది. ఇంకా లెక్క చెప్పనా?

అమ్మాయి: చెప్పండి.

పెదనాన్న: వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్లు, అంటే 330 అడుగులు, పైకి ఎత్తాలంటే ఎంత గొప్ప మోటారైనా 0.27 యూనిట్ల కన్నా తక్కువ కరెంటుతో ఎత్తలేదు. గురుత్వాకర్షణ అడిగే కనీస రుసుము అది. ఆ ఎకరం వరికి 48 లక్షల లీటర్లు కదా, 1,300 యూనిట్లు. మన మోటారు, పైపులు, ఓల్టేజీ అన్నీ కలిపి నూటికి నలభై పాళ్ళు పనిచేస్తున్నాయనుకుంటే 3,300 యూనిట్లు. అదే నీరు పది మీటర్ల లోతులో ఉండి ఉంటే 330 యూనిట్లతో పోయేది. మట్టం పది రెట్లు దిగితే ఖర్చు పది రెట్లు. ఆ కరెంటు బొగ్గుదైతే, ఆ ఒక్క ఎకరానికి రెండు టన్నుల పైన బొగ్గు కాలుతుంది, మూడు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇక్కడ మడిలో నీరు నిలబడాలంటే ఎక్కడో థర్మల్ కేంద్రం గొట్టం పొగ కక్కాలి. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చింది. అంతకు ముందు కూడా హార్స్‌పవరును బట్టి కట్టే స్థిర రుసుమే ఉండేది, ఎంత తోడినా అదే బిల్లు. రైతు జేబుకు బరువు తగ్గింది, సంతోషమే. నీటి బరువు మాత్రం తగ్గలేదు. ఆ బిల్లు కనపడకుండా పోయింది.

అమ్మాయి: ఉచిత విద్యుత్తు మీదికి వస్తే నేను ఊరుకోను పెదనాన్నా. గురుత్వాకర్షణ అందరికీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. అప్పటి నుంచి డెల్టా రైతు మడికి నీళ్ళు వాలు మీద వాటంతట అవే దిగివస్తున్నాయి. గురుత్వాకర్షణ అతని దగ్గర కూలి తీసుకోకుండా పనిచేస్తోంది. దానికి కాలువలు తవ్వించింది ప్రభుత్వం, ప్రజల డబ్బుతో. రాయలసీమ మెట్ట రైతు ఏం చేశాడు? సొంత డబ్బుతో పాయింటు చూపించుకున్నాడు, రిగ్గు తెచ్చుకున్నాడు, కేసింగ్ పైపు కొన్నాడు, నీళ్ళు పడకపోతే అప్పు మాత్రం మిగిలింది. మళ్ళీ ఇంకోచోట వేశాడు. అలాంటివాడికి కరెంటు కూడా ఇవ్వొద్దంటే, వాలు ఉన్న చోట పుట్టినవాడికి రాయితీ, ఎత్తు మీద పుట్టినవాడికి జరిమానా అన్నట్టు కాదా?

పెదనాన్న: ఇవ్వొద్దని నేను అనలేదు తల్లీ. రైతుకు సాయం చేయాలి. కానీ తోడే కొద్దీ సాయం పెరిగే పద్ధతిలో చేస్తే, బోరు లేనివాడికి ఏమీ రాదు, పెద్ద మోటారు ఉన్నవాడికి ఎక్కువ వస్తుంది. ఇది నీ వాదమే, నా నోటితో చెబుతున్నాను.

అమ్మాయి: ఆ ముక్క నిజం. ఎకరానికి ఇంత అని మెట్ట రైతుకు నేరుగా ఇస్తే నేను అడ్డు చెప్పను. ఇంకో సంగతి కూడా చూడండి. బోరు కింద వరి ఎందుకు వేస్తున్నాడు? కొర్రలు, రాగులు, కందులు పండించలేక కాదు. వడ్లకు మద్దతు ధర మీద కొనేవాళ్ళున్నారు, రేషన్ షాపులో ప్రధానంగా బియ్యమే ఇస్తారు. మిగతా పంటలకు ఆ భరోసా అంతగా లేదు. మీరు చెప్పిన 48 లక్షల లీటర్లు అడిగింది మొక్కే కావచ్చు. ఆ మొక్కను అక్కడ నాటించింది మార్కెట్టు.

పెదనాన్న: నాటించినది ఎవరైనా, నాటాక నియమం నాదే. సరే, అందరూ చెప్పే పరిష్కారాలే చూద్దాం. సోలారు పంపు పెట్టారనుకో. పొగ పోతుంది, మంచిదే. కానీ ఎండ ఉన్నంతసేపూ పైసా ఖర్చు లేకుండా మోటారు తిరుగుతుంది. బొగ్గు సమస్య తగ్గి నీటి సమస్య పెరుగుతుంది. డ్రిప్పు పెట్టారనుకో. చీనీ తోటకు చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు, సగం మిగిలింది అంటారు. మిగిలిన నీటితో రైతు ఏం చేశాడు? ఇంకో రెండెకరాల తోట పెంచాడు. మునుపు కాలువల్లో పారించినప్పుడు వృథా అనుకున్న నీటిలో కొంత కిందికి ఇంకి బోరుకే వచ్చేది. ఇప్పుడు ప్రతి చుక్కా ఆకుల్లోంచి ఆవిరవుతోంది. 1865లో స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు గురించి ఇదే రాశాడు: ఆవిరి యంత్రాలు బొగ్గును పొదుపుగా వాడే కొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదని. పొదుపు యంత్రం హద్దును జరపలేదు.

అమ్మాయి: జెవన్స్ చెప్పింది ప్రకృతి నియమం కాదు పెదనాన్నా. రాయి కిందికి పడటం లాంటిది కాదది. లాభం వచ్చే చోట, హద్దు లేని చోట మనుషులు అలా చేస్తారని చెప్పాడు. హద్దు పెడితే అలా చేయరు. డ్రిప్పు సబ్సిడీ ఇచ్చేటప్పుడు సాగు విస్తీర్ణం పెంచకూడదని ఊరంతా కలిసి ఒప్పందం రాసుకుంటే, మిగిలిన నీరు నేలలోనే ఉంటుంది. మీలాంటి చదువుకున్నవాళ్ళు మనుషుల అలవాటును కూడా ప్రకృతి నియమాల పద్దులో రాసేస్తారు. నాకు భయం అక్కడే.

పెదనాన్న: భయమా? ఎందుకు?

అమ్మాయి: ధాత కరువు వల్ల. 1876లో వానలు పోయాయి. అది ప్రకృతి. ఆ కరువు సాగిన కాలంలో పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో వచ్చిందని ఇవాళ శాస్త్రం చెబుతోంది. బళ్ళారి, కడప, కర్నూలు ప్రాంతాలు శ్మశానాలయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. కానీ అదే కాలంలో ఈ దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. ధరల్లో జోక్యం చేసుకోకూడదు, మార్కెట్టు నియమాలు ప్రకృతి నియమాల్లాంటివి అని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం నమ్మింది. ఆ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. అంటే 450 గ్రాములు, దానికి తోడు చిల్లర. వాన ఆగింది ప్రకృతి వల్ల. ఓడ కదిలింది మనుషుల నిర్ణయం వల్ల. ఆ రెంటినీ కలిపేసి, అంతా దైవం, అంతా నియమం అన్నప్పుడు చచ్చినవాళ్ళకు జవాబు చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఇవాళ రైతు ఆత్మహత్యను "వర్షాభావం వల్ల" అని రాసేసినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

పెదనాన్న: నువ్వు చెప్పింది బరువైన మాట. దాన్ని తోసేయను. మనిషి చేసిన తప్పుకు ప్రకృతి పేరు పెట్టకూడదు. కానీ ఇంకో వైపు ప్రమాదమూ ఉంది, అది కూడా విను. పంజాబులో భూగర్భజలం పడిపోతోందని 2009లో చట్టం చేశారు. జూన్ 10 లోపు వరి నాట్లు వేయకూడదన్నారు. మండే ఎండల్లో ఆవిరైపోయే నీరు మిగులుతుంది, లెక్క సరైనదే. నాట్లు ఆలస్యమైతే కోత ఆలస్యమైంది. గోధుమ విత్తడానికి గడువు కుదించుకుపోయింది. రైతు గడ్డి తీసే తీరిక లేక నిప్పు పెట్టాడు. అప్పటికి అక్టోబరు ఆఖరు, నవంబరు. గాలి కదలదు, పొగ పైకి లేవదు. ఢిల్లీ దాకా ఊపిరాడలేదు. నీళ్ళ కోసం రాసిన చట్టం గాలిని చెడగొట్టడంలో చేయి కలిపింది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ప్రకృతిలో ఒక పద్దు సర్దితే ఇంకో పద్దు కదులుతుందని చట్టం రాసేవాళ్ళు చూసుకోలేదు.

అమ్మాయి: అక్కడ కూడా అసలు ప్రశ్న వదిలేశారు కదా. పంజాబులో అంత వరి ఎందుకు కొంటున్నామన్నది మార్చలేదు, నాటే తేదీ మార్చారు.

పెదనాన్న: అదీ నిజమే. ఉత్తరాదిలో ఎంత తోడారో తెలుసా? భూమి గురుత్వాకర్షణలో వచ్చే చిన్న చిన్న తేడాలను కొలిచే గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు ఉండేవి. రాజస్థాన్, పంజాబ్, హర్యానా ప్రాంతం కింద 2002 నుంచి 2008 దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని వాటి కొలతల నుంచి తేల్చారు. మన కొలతలో 3,800 టీఎంసీలకు పైన. నాగార్జునసాగర్ తొలినాటి పూర్తి నిల్వ 408 టీఎంసీలు. అలాంటి తొమ్మిది సాగర్లు ఆరేళ్ళలో ఖాళీ అయ్యాయి. నేల బరువు తగ్గింది, ఆ తగ్గుదల ఉపగ్రహానికి తెలిసింది. ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ భూగర్భజలం తోడుతున్నది మన దేశమే. ఎవరి వాటా ఎంత అని నువ్వు ఎంత న్యాయంగా పంచినా, లేని నీటిని పంచలేవు.

అమ్మాయి: లేని నీటిని పంచలేనని ఒప్పుకుంటున్నాను. న్యాయం చుక్క నీటిని కూడా పుట్టించదు. కానీ లోతుకు పోయే కొద్దీ నష్టం ఎవరికి వస్తోందో మీరూ ఒప్పుకోండి. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళ సంగతే తీసుకోండి.

పెదనాన్న: అది రసాయనశాస్త్రం. అక్కడి గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. నీరు ఆ రాతి పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్ కరుగుతుంది. పైపొరల్లో ఏటేటా వాన కలిసే నీరు వేరు, లోతు పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు వేరు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. పళ్ళు గారపడతాయి, ఇంకా పెరిగితే ఎముకలు వంకరపోతాయి.

అమ్మాయి: రాతిలో ఉన్నది రసాయనం. ఆ నీళ్ళు తాగింది ఎవరు? క్యాను కొనుక్కోగలిగినవాళ్ళు తాగలేదు. కూలికి పోయే ఇళ్ళలో పిల్లలు చేతిపంపు నీళ్ళు తాగారు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అంటే తెలియక కాదు. తెలిశాక కూడా దశాబ్దాల పాటు నల్లగొండ పల్లెలకు నది నీరు రాలేదు. ప్రతి ప్రకృతి నియమం చివర ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా రాసేది మనుషులు.

పెదనాన్న: సరే, వాదం ఒక్క చోటికి తెద్దాం. నీ ప్రకారం ఏం చేయాలి? 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం, నీరు మితిమీరి తోడిన ఊళ్ళను గుర్తించి ఆంక్షలు. అన్నీ అందులో ఉన్నాయి. రిగ్గులు ఆగాయా?

అమ్మాయి: ఆగలేదు. ఆగి ఉంటే కూడా న్యాయం జరిగేది కాదు. కొత్త బోరు వద్దంటే, పాత బోర్లున్నవాడికి ఊరి నీరంతా రాసిచ్చినట్టే. ముందు తవ్వినవాడిదే నీరు. నిన్నటిదాకా స్తోమత లేనివాడు ఎప్పటికీ మెట్ట రైతే. అందుకే పై నుంచి వచ్చే నిషేధం మీద నాకు నమ్మకం లేదు. నాకు నమ్మకం కలిగించింది ఇంకొకటి. 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్యం అని ఒక పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ.

పెదనాన్న: ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచినది. తెలుసు. అది నా వాదానికే సాక్ష్యం.

అమ్మాయి: ఎలా?

పెదనాన్న: అక్కడ రైతులకు వాన కొలిచే పరికరం ఇచ్చారు. పరిశీలన బోర్లలో టేపు దించి పదిహేను రోజులకోసారి మట్టం ఎంత ఉందో వాళ్ళే చూసి పుస్తకంలో రాశారు, గోడ మీద రాశారు. అక్షరం రానివాళ్ళు కూడా అంకెలు చదివారు. ఖరీఫ్ వానలు అయిపోయాక, రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఎంత ఇంకింది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. లోటు కనపడింది. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. వాళ్ళకు కరెంటు కోత పెట్టలేదు, జరిమానా వేయలేదు, సబ్సిడీ ఎర చూపలేదు. నియమం కళ్ళకు కనపడింది, మనిషి దానికి తగ్గట్టు నడుచుకున్నాడు.

అమ్మాయి: మీరు టేపును చూస్తున్నారు. నేను ఆ టేపు చుట్టూ కూర్చున్నవాళ్ళను చూస్తున్నాను. అదే లెక్క భూగర్భజల శాఖ దగ్గర అంతకు ముందూ ఉంది. ఆఫీసు ఫైల్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క మడీ తగ్గలేదు. తన చేత్తో కొలిచి, తన ఊరివాళ్ళ ముందు చదివి, పక్కవాడు ఏం వేస్తాడో విన్నాక తగ్గింది. నేను ఒక్కణ్ణే తగ్గిస్తే పక్కవాడు తోడేస్తాడన్న భయం పోయింది గనక తగ్గింది. అది సమాజం చేసిన పని. అనంతపురంలోనే ఇంకొన్ని ఊళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశాయి. బోర్లను పైపులతో కలిపి, బోరు లేని వేరుశనగ రైతుకు కూడా బెట్ట పట్టినప్పుడు ఒకటి రెండు తడులు ఇచ్చుకున్నారు. కొత్త బోర్లు వేయమని మాట ఇచ్చుకున్నారు. నాకు కావాల్సిన చట్టం ఆ ఒప్పందంలో ఉంది.

పెదనాన్న: ఆ ఒప్పందం ఎందుకు నిలబడింది? ఒకటి రెండు తడులు సరిపోయే పంట ఎంచుకున్నారు గనక. అదే పైపులతో వరికి నీళ్ళు ఇస్తామని ఒప్పుకుని ఉంటే మొదటి ఎండాకాలమే ఒప్పందం చిరిగిపోయేది. ప్రకృతి సంతకం పెట్టని ఒప్పందం నిలబడదమ్మా.

అమ్మాయి: పేదవాడు సంతకం పెట్టని ఒప్పందం కూడా నిలబడదు పెదనాన్నా. హద్దు చూపించి, నీ వాటా సున్నా అంటే, వాడు రాత్రికి రాత్రి రిగ్గు తెస్తాడు. వాణ్ణి నేను తప్పుపట్టను.

వాళ్ళిద్దరూ అక్కడితో ఆగారు. ఎవరూ ఓడలేదు, ఒకరి మాటలో ఒకరు కొంత ఒప్పుకున్నారు. ఇద్దరి మాటా విన్నాక నా తీర్పు ఇది. నీరు ఎంత ఉంది, ఎత్తడానికి ఎంత శక్తి కావాలి, ఏ లోతులో ఏ విషం కరుగుతుంది అన్నవి మనం ఓట్లు వేసి మార్చగలిగేవి కావు. ఆ విషయంలో పెదనాన్న మాటే చివరి మాట. ఆ హద్దు లోపల ఎవరి పొలం తడవాలి, ఎవరి పిల్లలు ఏ నీళ్ళు తాగాలి అన్నది ప్రకృతి తేల్చిన విషయం కాదు. దానికి మనమే జవాబుదారీ. ఆ విషయంలో అమ్మాయి మాటే చివరి మాట. మన ప్రభుత్వాలు ఇన్నాళ్ళూ ఈ రెండూ తలకిందులు చేశాయి. మారని హద్దును రాయితీలతో మార్చినట్టు నటించాయి. మార్చగలిగిన పంపకాన్ని తలరాత అని వదిలేశాయి.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. భూగర్భజలాన్ని భూమి పట్టా నుంచి విడదీసి ఊరి ఉమ్మడి ఆస్తిగా గుర్తించే చట్టం కావాలి. బోరు లేని రైతుకూ, భూమి లేని ఇంటికీ అందులో వాటా రాయాలి. రాగులు, కొర్రలు, కందులకు వడ్లతో సమానంగా కొనుగోలు భరోసా ఇవ్వాలి. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి, అడిగి చేయించుకోవాల్సినవి. ఊరు తనంతట తాను చేసుకోగలిగింది ఇంకొకటి ఉంది. ఒక వానమాపకం, ఒక పొడవాటి టేపు, పంచాయతీ గోడ మీద నాలుగు గీతల జాగా. ఎంత కురిసింది, ఎంత లోతులో ఉంది, ఎంత తోడబోతున్నాం, ఎవరికి ఎంత. ఈ రబీకి విత్తనం కొనక ముందే మీ గ్రామసభలో ఆ నాలుగు అంకెలు అడగండి.